కళ్లు మూసుకోకముందు

మా చర్చిలో యౌవనస్థుల కూడికను నడిపించడం అప్పుడే మొదలుపెట్టాను. కరీంనగర్‌లో మందమర్రి బస్సెక్కితే, పక్క సీటులో పదిహేడేళ్ల అమ్మాయి ఏడుస్తూ కనిపించింది.

"ప్రార్థన చెయ్యాల్నా, చెల్లె?" అన్నాను. ఆమె తలూపింది.

కళ్లు మూసుకుని, ఈ బిడ్డ కష్టం తీర్చమని చాలాసేపు ప్రార్థించాను. కళ్లు తెరిచేసరికి నన్నే చూస్తోంది.

"దేవునికి మస్తు చెప్పినవక్కా. నాకేమైందో నీకే తెల్వది గద!"

సిగ్గుపడ్డాను. "ఏమైంది చెల్లె?"

"ఇంటర్ ఫెయిలైన. బాపుకు ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు."

ఆమె ఊరు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంది. నేను విన్నాను.

"నీకు చెప్పినట్టే బాపుకు చెప్తనక్కా" అని దిగిపోయింది.

ఇప్పుడు కూడికలో పిల్లలు చెప్పేది విన్నాకే కళ్లు మూసుకుంటాను. ఆమె కోసమూ ప్రార్థిస్తాను. ఆ రోజు పేరైనా అడగలేదు కనుక, 'బస్సులోని ఆ బిడ్డ' అనే అంటాను.