పదో వేలికి గోరింటాకు

ఆ రోజు బంతి గ్లవ్స్‌లో పడిందని నాకు చెవులు చెప్పాయి గానీ చేతులు చెప్పలేదు. టప్‌మని చప్పుడైంది. కిందికి చూస్తే బంతి చేతుల్లోనే ఉంది. అది క్యాంపులో పొద్దుటి ప్రాక్టీసు. ఇంకో తొమ్మిది రోజుల్లో జట్టుతో కలిసి విదేశానికి బయలుదేరాలి. దేశం తరఫున బ్యాటింగు, వికెట్ కీపింగు చేయడం మొదలుపెట్టి అప్పటికి నాలుగేళ్లయింది. ఆ ప్రాక్టీసుకు రెండు వారాల ముందు కడుపు చెడి, మూడు రోజులు మజ్జిగన్నంతో గడిపాను. తగ్గిపోయింది కదాని ఆ సంగతే మర్చిపోయాను.

గ్లవ్స్ తీసి చూసుకుంటే పది వేళ్ల కొసలూ తిమ్మిరెక్కి ఉన్నాయి. కీపర్లకు ఇదేమీ వింత కాదు. ఒక వేలు వాస్తుంది, ఇంకో గోరు నల్లబడుతుంది, టేపు చుట్టుకుని మళ్లీ నిలబడతాం. తిమ్మిరి అని టీమ్ ఫిజియో దగ్గరికి పోవడం మాలో నామోషీ. పైగా జట్టులో రెండో కీపర్ సిద్ధంగా ఉంది, మంచి ఆటగత్తె. నా చోటు ఎక్కడ పోతుందోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. వికెట్ల వెనక నోరు మూయదని నాకు పేరు. తెరవాల్సిన ఆ ఒక్క రోజూ మూసుకున్నాను.

మూడో రోజు టేపు ఇంకాస్త బిగించాను. నాలుగో రోజు, టూరుకు ముందు ఇచ్చిన సెలవులో, మార్కాపురంలో మా ఇంటికి వచ్చాను. కాఫీ గ్లాసు అందుకుంటే చేతిలోంచి జారిపోయింది. ఇంకోటి తెచ్చుకుందామని లేచి గడప దాటబోతే మోకాళ్లు మడతపడ్డాయి.

"ఏందే, అట్ల కూలబడినావు?" అని అమ్మ పరిగెత్తుకొచ్చింది.

"కాళ్లు పట్టు తప్పినాయి."

"తిండీ నిద్రా లేకుండా తిరుగుతావుంటే తప్పవా మరి? పండుకో కాసేపు."

నాయన మాత్రం వీధిలోకి పోయి ఆటో పిలుచుకొచ్చాడు. ఆయన పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా రాయి చీల్చే పని చేస్తున్నాడు. చిన్నప్పుడు మధ్యాహ్నం క్యారియర్ తీసుకుపోయినప్పుడల్లా, చీల్చిన పలుచటి రాళ్లను ఆయన ఒక్కొక్కటే నా వైపు విసిరేవాడు. నేను పట్టి పక్కన పేర్చాలి. బిగబట్టి పట్టుకుంటే రాయి పుటుక్కున విరిగిపోతుంది. "రాయితో కొట్లాడొద్దు పాపా. అది వస్తావుంటే దాంతోపాటే నీ చేతులూ ఎనక్కి పోవాల" అనేవాడు. తర్వాత గిద్దలూరులో జరిగిన సెలెక్షన్స్‌లో నేను బంతి పట్టే తీరు చూసి, సాఫ్ట్ హ్యాండ్స్ ఎవరు నేర్పారని కోచ్ అడిగారు. పలకలు అని చెప్పాను. ఆయన నవ్వారు గానీ అది నిజం.

మార్కాపురం డాక్టరు గారు నా మోకాలి కింద చిన్న సుత్తితో తట్టారు. కాలు కదల్లేదు. రెండో కాలూ అంతే. నాయన ముఖం మారిపోయింది. ఉలితో తడితే మోగని రాయిని పక్కన పడేసే మనిషి ఆయన.

"ఎన్ని రోజుల నుంచి తిమ్మిరి?" అన్నారు డాక్టరు గారు.

"నాలుగు రోజులు సార్."

"నాలుగు రోజులు ఎందుకు ఊరుకున్నావమ్మా? జీబీఎస్ అనే నరాల జబ్బు అనిపిస్తోంది. ఈ పూటే గుంటూరు తీసుకుపోండి. న్యూరాలజిస్ట్ ఉండాలి, ఐసీయూ ఉండాలి."

గుంటూరులో నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, వెన్నులోంచి నీరు తీశారు. న్యూరాలజిస్ట్ ఒక పెద్దావిడ. మెల్లగా, మనసులో నాటుకునేలా మాట్లాడేవారు. "కడుపులో వచ్చిన ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన నీ ఇమ్యూనిటీ పొరపాటున నీ నరాల మీదే పడింది. కరెంటు తీగ మీద తొడుగు ఉంటుంది చూడు, అది ఊడిపోతోంది. దాన్ని ఆపడానికి ఐవీఐజీ అనే మందు ఐదు రోజులు సెలైన్ లాగా ఎక్కిస్తాం. ఇది ఇంకా పైకి పాకొచ్చు. భయపడకు, కానీ సిద్ధంగా ఉండు" అన్నారు.

రోజూ పొద్దునే ఒక పరీక్ష పెట్టేవారు. ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతదాకా లెక్కపెట్టగలనో చూపాలి. మొదటి రోజు ముప్పై రెండు. రెండో రోజు పంతొమ్మిది. మూడో రోజు పదకొండు దగ్గర ఆగిపోయాను. నా జన్మలో ఏ స్కోరుకూ అంత భయపడలేదు. ఆ మధ్యాహ్నమే వెంటిలేటర్ పెట్టారు.

ఇరవై రెండు రోజులు. మధ్యలో నిమోనియా వచ్చింది. గొంతు దగ్గర కోసి ట్రాకియాస్టమీ చేశారు. స్పృహ ఉంది, ఆలోచన ఉంది, చెవులు పనిచేస్తున్నాయి. చెయ్యి లేదు, కాలు లేదు, మాట లేదు. కనురెప్పలు మాత్రం నా మాట వింటున్నాయి.

సాయంత్రం ఐదింటికి ఒక్కర్ని లోపలికి వదిలేవారు. ఒకరోజు నాయన పలక మీద అక్షరాలన్నీ వరసగా రాసి తెచ్చాడు. "నేను ఏలు పెట్టుకుంటా పోతా. నీకు కావాల్సిన అచ్చరం కాడ రెప్ప కొట్టు" అన్నాడు. కూతురు ఏం చెప్పబోతోందోనని గుండె దిటవు చేసుకుని కూర్చున్నట్టున్నాడు. ఆయన వేలు 'మ' మీదికి వచ్చింది. రెప్ప కొట్టాను. తర్వాత ఉకారం, తర్వాత 'క'. పది నిమిషాలు పట్టింది.

"ముక్కు? ముక్కుకేమైంది తల్లీ?"

మళ్లీ వేలు కదిలింది. 'ద' దగ్గర కొట్టాను.

"దురదా!" అన్నాడు. పక్కనున్న నర్సు ఫక్కున నవ్వింది. నాయన నా ముక్కు గోకాడు. పొద్దుటి నుంచీ చంపుతోంది ఆ దురద. అంత సుఖం నేను ఏ సెంచరీ కొట్టినప్పుడూ ఎరగను. ఆయన గోకుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నేనేమీ చేయలేదు. వట్టినే పడుకుని ఉన్నాను. అయినా లోపల ఎవరో నిద్ర మానుకుని పని చేస్తున్నట్టు, ఊడిన తొడుగు మళ్లీ అల్లుకోవడం మొదలైంది. ఒక పొద్దున భుజం కదిలింది. ఇంకో వారానికి సొంతంగా ఊపిరి తీశాను. గాలిలో ఇంత రుచి ఉంటుందా అనిపించింది. ఎవరూ నేర్పకుండా ఈ ఒంటికి ఇదంతా ఎట్లా తెలుసో నాకు అర్థం కాదు.

డిశ్చార్జి రోజు డాక్టరమ్మను అడిగాను, మళ్లీ కీపింగు చేయగలనా అని.

"ముందు ఊపిరి వచ్చింది. తర్వాత నడక వస్తుంది. నీకు కొన్నిచోట్ల తొడుగే కాదు, లోపలి తీగ కూడా దెబ్బతింది. అది పై నుంచి కిందికి కొంచెం కొంచెంగా పెరగాలి. వేళ్ల కొసలు అన్నిటికన్నా చివర. వస్తాయో రావో నేను చెప్పలేను."

బ్యాటు గట్టిగా పట్టుకుంటే చాలు. కీపింగుకు మాత్రం వేళ్ల కొసలే కావాలి. ఆ మాట డాక్టరమ్మకు చెప్పలేదు, కారులో కూర్చున్నాక అమ్మకు చెప్పాను.

ఇంటికొచ్చాక అమ్మ ఒక పద్ధతి పెట్టింది. శుక్రవారం శుక్రవారం నన్ను కళ్లు మూసుకోమని, దీపంలో వేసే పత్తితో మోచేతి నుంచి కిందికి మెల్లగా రాసేది. తగిలినంతసేపూ నేను "ఆఁ, ఆఁ" అనాలి. ఎక్కడ ఆపితే అక్కడ గోరింటాకు చుక్క పెట్టేది. "పెన్నుతో పెడితే నీళ్లు పోసుకుంటే పోతాది. ఇదైతే వారమన్నా ఉంటాది" అంది. మొదటి చుక్క మోచేతికి రెండు వేళ్ల కింద పడింది. మరుసటి వారం అక్కడే. ఆ పై వారం గోరంత కిందికి జరిగింది. వెలిసిపోతున్న పాత చుక్కలు పైన, ఎర్రగా కొత్తది కింద. చుక్కలన్నీ చీమల్లాగా నా అరచేతి వైపు నడుస్తున్నాయి. ఇంటికొచ్చిన వాళ్లు ఏందమ్మా ఈ మచ్చలు అని అడిగితే, "మా పిల్ల నరాలు నడిచొస్తాండాయి" అని అమ్మ గొప్పగా చెప్పేది.

వాకర్‌తో వీధి చివరిదాకా పోవడానికి రెండు నెలలు, వాకర్ వదలడానికి ఇంకో రెండు. ఫిజియోథెరపిస్ట్ బియ్యంలో శనగలు కలిపి ఏరమనేవారు. కళ్లు మూసుకుంటే ఏవి శనగలో ఏవి బియ్యమో తెలిసేది కాదు.

చుక్కలు మణికట్టు దాటాక నాయన ఫ్యాక్టరీ నుంచి పనికిరాని పలకలు తేవడం మొదలుపెట్టాడు. రెండు బారల దూరంలో నిలబడి ఒకటి విసిరేవాడు. నేను పట్టబోతే, రాయి వచ్చిన సంగతి వేళ్లకు తెలిసేలోపే బిగించేసేదాన్ని. పుటుక్కు. ఇంకోటి. పుటుక్కు. నెలన్నర పాటు మా వాకిలి నిండా నల్లటి పెంకులే.

"ఊడవలేక నా నడుము పోతాంది. బంతులు లేవా మీకు?" అనేది అమ్మ.

"బంతి ఇరగదు కదమ్మే. పట్టింది మెత్తగానా బిర్రుగానా, ఎవరు చెప్పాల?" అనేవాడు నాయన.

ఒక ఆదివారం పొద్దున పలక వచ్చింది, చేతులు వెనక్కి వెళ్లాయి, చప్పుడేమీ రాలేదు. చూసుకుంటే రాయి అరచేతుల్లో నిండుగా ఉంది. దాన్ని గోడకు తగిలిద్దామన్నాను. అమ్మ తీసుకుపోయి బిందె మీద మూత పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

అంతా సాఫీగా జరిగిందనుకోకండి. తొందరపడి క్యాంపుకు పోయి, మొదటి రోజే ఫాస్ట్ బౌలర్ బంతికి చేతులు ఆలస్యంగా లేచి, కాలర్ బోన్ మీద తగిలించుకున్నాను. ఇంకా సమయం ఉందిలే అని కోచ్ ఇంటికి పంపారు. ఆ సరికి రెండో కీపర్ నా చోటులో చక్కగా ఆడుతోంది. ఫోనులో నాయన దగ్గర ఏడ్చాను. "తప్పినావు. అంతే కదా! ఇంక రాళ్లు లేవా మన ఊర్లో? వచ్చేసెయ్" అన్నాడు.

జబ్బు పడిన ఏడాదిన్నరకు రాష్ట్ర జట్టులో, ఇంకో ఎనిమిది నెలలకు దేశం జట్టులో మళ్లీ నిలబడ్డాను. మొదటి బంతికి వికెట్ల వెనక కూర్చుంటే, వంగిన నా మోకాళ్లను చూసి నాకే ఆశ్చర్యం వేసింది. బంతి వచ్చింది. పడిందని ఈసారి చేతులు చెప్పాయి. మిగతా ఓవరంతా నోరు మూయలేదు. అంపైర్ రెండుసార్లు చూశారు.

అప్పటికి తొమ్మిది వేళ్లకు గోరింటాకు పండింది. చుక్కలుగా మొదలైంది, కొసలకు చేరేసరికి అందరు ఆడపిల్లలు పెట్టుకున్నట్టే అయింది. ఎడమ చిటికెన వేలి కొస ఒక్కటి మిగిలిపోయింది. అమ్మ దానికి మాత్రం పెట్టేది కాదు. "రెండేళ్లు దాటింది కదా, అది ఇక రాకపోవచ్చు. దాంతోనే సర్దుకో" అన్నారు డాక్టరమ్మ. సర్దుకున్నాను. దానికి తగిలేది నాకు తెలియదు కాబట్టి, ప్రతి మ్యాచ్ తర్వాత గ్లవ్స్ తీసి టీమ్ ఫిజియోకు చూపిస్తాను. ఇప్పుడు మా జట్టులో అందరం చూపిస్తాం, రెండో కీపర్‌తో సహా. నామోషీ లేదు.

ఇది చదివే వాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నొప్పి వస్తే మనం ఎట్లాగూ చెబుతాం. చెప్పకుండా దాటేసేది తిమ్మిరినే. రెండు చేతులకో రెండు కాళ్లకో ఒకేసారి తిమ్మిరి పట్టి పైకి పాకుతుంటే, పట్టు తప్పుతుంటే, ఏ పని ఉన్నా, ఏ చోటు పోతుందన్నా, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాలుగు రోజులు దాచినందుకు నేనింకా నన్ను క్షమించుకోలేదు.

పోయిన నెల ఒక మ్యాచ్‌లో లెగ్ సైడ్ పోతున్న బంతికి దూకాను. అది ఎడమ గ్లవ్ కొసను కొట్టి పోయింది. మోకాళ్ల మీద కూలబడి చెయ్యి పొట్టలో పెట్టుకున్నాను. ఫిజియో, డ్రింక్స్ పట్టుకుని రెండో కీపర్ పరిగెత్తుకొచ్చారు. ఏడుస్తున్నావా నవ్వుతున్నావా అని అడిగింది ఆ అమ్మాయి. రెండూ చేస్తున్నాను. గ్లవ్ తీస్తే చిటికెన వేలి గోరు కింద నెత్తురు గడ్డకట్టి ఉంది. ఫిజియో ముట్టుకుంటే ప్రాణం జివ్వుమని లాగింది.

ఆట అయ్యాక ఇంటికి ఫోను చేశాను.

"అమ్మా, గోరింటాకు నూరి పెట్టు. ఎల్లుండి వస్తాండా."

అమ్మ మెల్లగా అడిగింది.

"ఏ ఏలికి?"

చెప్పాను. ఫోను చేతిలో ఉండగానే నాయనను కేకేసింది. ఇంకా రెండు రోజులుంది కదా, ఆకు ఇప్పుడే ఎందుకని అంటూనే ఉన్నాను. ఆయన అప్పటికే చెప్పులేసుకుని బయటికి పోయినాడంట.