నవ్వుకు విడిచిన జాగా

మా పక్క క్వార్టర్ అవ్వ పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, మా అవ్వ పోయింది. పొయ్యి మీద చాయ్ పెట్టుకున్నది, తాగనే లేదు" అన్నాడు. నేను హైదరాబాదులో ఉన్నాను. ఫోన్ పెట్టేశాక ముందు భయం వేసింది, ఏడుపు ఆ తరవాత వచ్చింది. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి ఆరు నెలలుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇక చెప్పేదెవరికి?

మా నాన్న కోస్తా నుంచి బొగ్గు బాయిలో ఉద్యోగానికి గోదావరిఖని వచ్చాడు. మా క్వార్టర్‌కూ అవ్వ క్వార్టర్‌కూ నడుమ ఒకటే గోడ. ఆమె కొడుకు వాళ్ళ అమ్మను అవ్వా అని పిలిచేవాడు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. మా మాటను వెక్కిరించడం ఆమెకు రోజూ ఉండే పని. "ఏమండీ, ఉప్పుందాండీ?" అంటూ గిన్నె పట్టుకుని వచ్చేది. మా అమ్మ ఉడుక్కునేది. రెండు రోజులు ఆ గొంతు వినబడకపోతే మాత్రం "ఒంట్లో బాలేదేమో" అంటూ తనే వెళ్ళి చూసి వచ్చేది. కాలనీలో అవ్వ అనుకరించని మనిషి లేడు. ఎంతసేపు ఆగి మాట వదిలితే మనుషులు నవ్వుతారో నేను ఆమె గడప మీద కూర్చుని నేర్చుకున్నాను. తరవాత ఏ సినిమా కోర్సులోనూ అంత బాగా ఎవరూ చెప్పలేదు.

ఆమె భర్తను మేం కాకా అనేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు బాయిలో పైకప్పు కూలి ఆయన పోయాడు. అవ్వకు క్యాంటీన్‌లో పని దొరికింది. పరామర్శకు వచ్చిన వాళ్ళకు ఒకటే చెప్పేది: "నా ఇంట్ల అయ్యో అన్నోళ్ళకు చాయ్ లేదు." నవ్వించిన వాళ్ళకు రెండు కప్పులు.

పెద్దయ్యాక నేను మా కాలనీ మీదే ఒక సినిమా తీశాను. కథ చిన్నది. ఒక బొగ్గు కార్మికుడు రిటైరయ్యే రోజు, ఆ దావత్‌లో మటన్ ముక్కల దగ్గర బావమరుదుల గొడవ, ఇంటిల్లిపాది అలకలు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకునే రకం. కార్మికుడి భార్యగా అవ్వనే పెట్టాను. షిఫ్టుకు పోయే మగవాణ్ణి మా దగ్గర ఆడవాళ్ళు ఏదో ఒకటి అని ఆటపట్టించి పంపుతారు. భయం సంగతి ఎవరూ ఎత్తరు. ఒక్కో ఇంటిది ఒక్కో మాట. నీ మాటేంటవ్వా అని అడిగితే, కెమెరా ముందు టిఫిన్ డబ్బా పట్టుకుని అనేసింది: "జల్ది రా. రాకుంటే పాయె, మంచమంత నాదే!"

అని, డబ్బా చేతికివ్వకుండా నిలబడింది. "డబ్బా ఇవ్వవ్వా" అన్నాను. "ఆగు బిడ్డా. ఇప్పుడు నవ్వుతరు గద. నవ్వుకు జాగ ఇడువాలె" అంది. ఎడిటింగ్‌లో అందరూ ఆ ఖాళీని కత్తిరించమన్నారు. నేను ముట్టుకోనివ్వలేదు.

షూటింగ్ అయిపోయిన సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఒక సంగతి చెప్పింది. కాకా చివరి షిఫ్టుకు పోయిననాడు కూడా అదే మాట అని పంపిందట. "అప్పటిసంది మంచానికి ఒక్క దిక్కే పండుకుంట బిడ్డా. అటు దిక్కు ఆయనది." వెంటనే వేలు చూపించింది. "గీ ముచ్చట సినిమాల పెట్టకు. ఎక్కడ చెప్పకు. నన్ను జూసి నవ్వాలె." చేతిలో చెయ్యి వేసి ఒట్టేశాను.

మొదటిసారి మా కమ్యూనిటీ హాల్లో వేసినప్పుడు ఆ మాటకు హాలు దద్దరిల్లింది. అవ్వ విడిచిన జాగా కూడా చాల్లేదు, తరవాతి మాటలు ఎవరికీ వినబడలేదు. వెనక నుంచి ఎవడో "అవ్వా, మంచం పెద్దదేనా?" అని అరిస్తే ఆమె లేచి, "నీకెందుకురా, నీ ఇంట్ల మంచం లేదా?" అంది. ఆ రోజు ఆమె ముఖం మీరు చూడాల్సింది.

తరవాత ఆ సినిమా ఐరోపాలో ఒక చలనచిత్రోత్సవానికి వెళ్ళింది. సముద్రం పక్కన చిన్న ఊరు, చలి. మెడ నిండా దండలతో జీపెక్కిన కార్మికుణ్ణి చూసి అక్కడి వాళ్ళు పడీ పడీ నవ్వారు. మా వాళ్ళు కళ్ళు తుడుచుకున్న చోటు అది. మటన్ గొడవకు మాత్రం ఉలుకూ పలుకూ లేదు. బావమరిది అలిగితే ఇల్లు ఏమవుతుందో తెర కింద రెండు వరసల్లో ఎలా చెప్పడం? ఇక మంచం మాట వచ్చింది. ఎవరూ కదల్లేదు. అవ్వ డబ్బా పట్టుకుని ఆగి ఉంది. మూడో వరసలో ఒకే ఒక్క ముసలావిడ ఫక్కున నవ్వింది.

సినిమా అయ్యాక నన్ను వేదిక మీదికి పిలిచారు. చప్పట్లు పొడిపొడిగా పడ్డాయి. ఒకాయన లేచి, మొగుడు తిరిగి రాకపోతే బాగుండు అనుకునే భార్యను చూసి ఎందుకు నవ్వాలి అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. మా అవ్వను పట్టుకుని అంత మాటా! ఆ ఉక్రోషంలో చెప్పేశాను. కాకా సంగతి, ఆ చివరి రోజు, మంచానికి అవతలి దిక్కు, అన్నీ. హాలంతా లేచి నిలబడింది. కొందరు ఏడ్చారు. దాచడమెందుకు, ఆ కాసేపు నాకు చాలా బాగుంది.

బయట ఆ ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళ నాన్నా బొగ్గు కార్మికుడేనట. "మా అమ్మ కూడా ఇలాంటిదే ఏదో అనేది, అందుకే నవ్వొచ్చింది. మీరు చెప్పింది విన్నాక సిగ్గేసింది. నవ్వి తప్పు చేశానా?" అని అడిగింది. అంత హాల్లో అవ్వ కోరుకున్నట్టు నవ్విన ఒక్క మనిషిని కూడా నేనే చెడగొట్టాను.

తిరిగొచ్చి కాలనీకి వెళ్ళగానే అవ్వ అడిగింది ఒకటే. "నవ్విన్రా?"

"ఒకామె నవ్వింది" అన్నాను.

"ఒక్కతన్న నవ్వింది గద! ఆమెను ఒకపారి ఇటు తోల్కరా, చాయ్ పోస్త" అని మురిసిపోయింది. మిగతాది నేను చెప్పలేదు.

రెండు వారాలకు, వేదిక మీద నేను మాట్లాడిన వీడియో ముక్క కాలనీ వాళ్ళ ఫోన్లలోకి వచ్చేసింది. పరుగున వెళ్ళాను. అవ్వ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "నా మంచం గూడ జూపినవా బిడ్డా వాళ్ళకు" అంది. తరవాత ఎప్పటిలాగే చాయ్ పోసింది. తిట్టినా బాగుండేది. కప్పు నా ముందుకు జరిపి, "కూరగాయలకు పోతే అందరు నాతోని మెల్లగ మాట్లాడుతున్రు. నేనేమన్న దవాఖానల ఉన్ననా?" అంది. తప్పయిందవ్వా అనే మాట నోటి దాకా వచ్చింది. అది కూడా ఆమెకు ఇంకో అయ్యోలాగే వినబడుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వట్టి సాకు. ధైర్యం చాలలేదు. మళ్ళీ వచ్చినప్పుడు చెబుదాంలే అనుకుని బస్సెక్కాను.

అవ్వ దినాల నాడు వాళ్ళబ్బాయి, "మా అవ్వకు నవ్వులంటేనే పానం గదక్కా, సాయంత్రం సినిమా ఏద్దాం" అన్నాడు. అదే కమ్యూనిటీ హాలు. చాలావరకు ఆ రోజు వచ్చిన మనుషులే. అవ్వ తెర మీదికి వచ్చింది. కొంగు దోపుకుంది, డబ్బా అందుకుంది. "జల్ది రా. రాకుంటే పాయె, మంచమంత నాదే!"

ఎవరూ నవ్వలేదు. వెనక వరసల్లో ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. నేనైనా నవ్వుదామని నోరు తెరిచాను. రాలేదు. తెర మీద అవ్వ మాత్రం డబ్బా చేతికివ్వకుండా, పెదవి బిగబట్టి, మా నవ్వు కోసం ఆగే ఉంది.