రెండోసారి తోమిన బిళ్ళ

పదకొండేళ్ళుగా నా దగ్గర ఒక కాగితం ఉంది. అరచేయంత ఉంటుంది. బీరువాలో పట్టుచీరల అడుగున దాచాను. చీరలు తీసినప్పుడల్లా చెయ్యి దానికి తగలకుండా జాగ్రత్తపడతాను. ఆ కాగితం సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఆ మాత్రం పిరికితనం నాకు వదిలేయండి.

నేను నరసరావుపేటలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మాది వ్యాపారస్తుల కుటుంబం. మా పెదనాన్న వాళ్ళ కిరాణా కొట్టు ఇప్పటికీ బజారులో నడుస్తోంది. పాత నాణేల గురించి స్థానిక పత్రికలకు రాస్తుండేదాన్ని. దాంతో ఎవరింట్లో ఏ పాత ముక్క దొరికినా నా దగ్గరికి తెచ్చేవాళ్ళు.

అలాగే రాజుపాలెం నుంచి మార్తమ్మ వచ్చింది. మిరపకోతలకు వెళ్ళే మనిషి. అప్పటికే అరవై దాటి ఉంటాయి. కొంగు ముడి విప్పి ఒక ఇత్తడి బిళ్ళ నా చేతిలో పెట్టింది. రూపాయి కాసంత ఉంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో చిల్లర దొరక్క కొట్లవాళ్ళు సొంతంగా ఇలాంటివి చేయించి ఇచ్చేవాళ్ళు. మళ్ళీ అదే కొట్టులో అవి చెల్లేవి.

"మా తాతది టీచరమ్మా. గురజాలలో కొట్టు పెట్టినాడంట. ఈ మాట చెప్తే మా పేటలోనే నవ్వుతారు, మీకు కొట్టేందే అని. మీరు రాస్తే నమ్ముతారు," అంది.

బిళ్ళ నల్లగా మకిలి పట్టి ఉంది. తక్కెడ బొమ్మ, చుట్టూ సన్నటి అక్షరాలు. ఆమె వెళ్ళాక, పిల్లలు నాణేలకు చేసినట్టు, పైన కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాను. అక్షరాలు తేలాయి. ఆమె చెప్పిన తాత పేరే. నాకు సంతోషం కలగలేదు. వీళ్ళకు కొట్టా, అనుకున్నాను. వాళ్ళ పేటవాళ్ళు పైకి నవ్వారు, నేను లోపల నవ్వాను. అంతే తేడా.

పత్రికకు ఫొటో కావాలి. శుక్రవారం పూజసామాన్లు తోముతున్నాను. చింతపండు, ఇటుకపొడి చేతిలో ఉండగానే ఆ బిళ్ళను కూడా తోమేశాను. పాతకాలం లోహాన్ని తోమకూడదని బడిపిల్లలకు చెప్పినదాన్ని నేనే. ఇత్తడి కనపడితే చెయ్యి ఊరుకోదు. కడిగి చూస్తే తక్కెడ లోతుగా ఉంది కాబట్టి నిలిచింది. అక్షరాలు సగం పోయాయి.

ఇంతవరకు పొరపాటు. దీని గురించే అయితే ఇంత రాయను.

సగం అక్షరాలు మిగిలాయి కదా. పట్టి పట్టి చదివితే పేరు తెలుస్తుంది. నేనేం చేశాను? మరికాస్త ఇటుకపొడి తీసుకుని రెండోసారి తోమాను. సగం చెరిగితే తోమినట్టు తెలిసిపోతుంది, పూర్తిగా పోతే కాలానికి అరిగాయని చెప్పవచ్చు, పరువు దక్కించుకోవడానికే ఆ పని చేశాను అని చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అదొక్కటేనా? ఆ పేరు అక్కడ ఉండకూడదన్న కోరిక కొంచెమైనా లేదా? ఉంది.

వారానికి మార్తమ్మ వచ్చింది. మెరుస్తున్న బిళ్ళను చూసి నోరు తెరిచింది.

"ఏమన్నా తెలిసిందా అమ్మా?"

"అక్షరాలేమీ లేవు మార్తమ్మా. తక్కెడ ఒక్కటే ఉంది. అది మా పెదనాన్న వాళ్ళ కొట్టు గుర్తు."

"అయితే మా తాతది కాదంటారా?"

"కాదు."

తక్కెడ ఏ కొట్టుకైనా గుర్తే. ఆ సంగతి ఆమెకు తెలియదు, నాకు తెలుసు. ఆమె కాసేపు బిళ్ళను తిప్పి తిప్పి చూసింది. నేను దాన్ని తిరిగి తీసుకుపొమ్మన్నాను. ఆమె తీసుకోలేదు.

"మీ ఇంటోళ్ళ సొమ్ము నా కాడెందుకమ్మా? ఇన్నేళ్ళు తెలవక దాచుకున్నాం. ఏమనుకోమాకండి," అంటూ టేబులు మీద పెట్టింది.

ఆమె నాకు క్షమాపణ చెప్పి వెళ్ళింది. నేను గుమ్మం దాకా వెళ్ళి బస్సుకు టైమెంతో చెప్పాను.

మరుసటి ఏడు మా పెదనాన్న మనవళ్ళు కొట్టు చరిత్ర మీద ఒక సంచిక వేశారు. బిళ్ళ మీద వ్యాసం నేనే రాశాను. మా తాత చేయించాడని రాశాను. ఇప్పుడది కొట్టులో, గల్లాపెట్టె వెనక గోడకు, అద్దాల చట్రంలో ఉంది. పప్పులు కొనడానికి వెళ్ళినప్పుడల్లా కనపడుతుంది. ఇంకా మెరుస్తూనే ఉంది.

మార్తమ్మ బతికే ఉందని మొన్న విన్నాను. రాజుపాలెం ఎంత దూరం? బస్సెక్కితే గంట పట్టదేమో. పదకొండేళ్ళలో ఎక్కలేదు. ఆమెకు చదువు రాదు, ఇది ఆమె చదవదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నానా? అదీ కావచ్చు. రేపు వెళ్తానని మీకు మాట ఇవ్వను, నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకు తెలుసు.

కాగితం ముందర పెట్టుకునే ఇది రాస్తున్నాను. పెన్సిలు గీతలు కొంచెం మాసాయి గానీ తక్కెడ చుట్టూ అక్షరాలు చక్కగా కనపడుతున్నాయి. పైకి ఎప్పుడూ చదవలేదు. ఇప్పుడు చదివాను. ఆ బిళ్ళ మీద ఉన్నది ఇది:

ఏసుపాదం కొట్టు, గురజాల.