నాలుగేడు అంటే ఎంత?

ముందు పోయినవాటిని లెక్కపెడతాను. ఆరేళ్ల నాలుగు నెలల కాలం. ఆ కాలంలో నాకు వచ్చిన ఇంటర్వ్యూ కాగితాలు పదకొండు. వాటిలో గేటు దాటి లోపలికి వెళ్లినవి నాలుగు, లోపలికి వెళ్లాక నా పేరు నేను చెప్పుకోగలిగినవి రెండు. ఎగ్గొట్టిన పెళ్లిళ్లు ఏడు, అందులో ఒకటి సొంత చిన్నాన్న కొడుకుది. ఎదురుపడితే పలకరించాల్సి వస్తుందని పక్క సందుల్లోంచి తప్పించుకు తిరిగి పోగొట్టుకున్న స్నేహితుడు ఒక్కడు. నాకు ఉన్నదీ ఆ ఒక్కడే.

ఈ లెక్క ఇప్పుడెందుకంటే, మొన్న మా అక్క కూతురు చంద్రపూర్‌లో మా ఇంటికి వచ్చి, ఏదో పథకానికని నా వివరాలు ఫోనులో నింపుతూ మధ్యలో ఆగింది. "మామా, పన్నెండో తరగతి అయినంక ఆరేండ్లు ఖాళీ వస్తున్నది. ఏం రాయాలె?" అంది. ఖాళీ అనే రాయమన్నాను. ఖాళీ ఉంటే అది ముందుకు పోదట. మనుషుల ముందు గొంతు పట్టుకుపోయే ఆ జబ్బుకు ఇప్పుడు డాక్టర్ల దగ్గర పేరు ఉందని కూడా ఆ పిల్లే చెప్పింది. మా కాలంలో దానికి పేరు లేదు. వీడికి నోరు లేదు అనేవారు, అంతే.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పని దొరకడమంటే ముందు ఎవరో ఒకరి బల్ల ముందు నిలబడి మాట్లాడటమే. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి చంద్రపూర్‌లోని లాల్‌పేట్ బొగ్గు గనిలో దిగిన మనిషి. రోజూ భూమి కిందికి, చీకట్లోకి వెళ్లి వచ్చేవాడు; నేను పట్టపగలు ఒక బల్లకూ దాని వెనక కూర్చున్న మనిషికీ భయపడి గేటు నుంచి తిరిగి వచ్చేవాణ్ణి. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అర్థంకాని లెక్కను చూసినట్టు నా వైపు చూసేవాడు. నేనేమో రైలు కట్ట మీద కూర్చుని బొగ్గు వ్యాగన్ల మీది అంకెలు కూడుకునేవాణ్ణి. లెక్కలు నాకెవరూ నేర్పలేదు. బడిలో మరాఠీలో చెప్పినవి సగం నా తలకెక్కలేదు కూడా. కానీ ఆ వ్యాగన్ల దగ్గర ఒక సంగతి నాకు నేనే కనిపెట్టాను. ఏ సంఖ్యలోనైనా రెండంకెలు తారుమారు చేసి, పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేస్తే, మిగిలింది ఎప్పుడూ శేషం లేకుండా తొమ్మిదితో తెగుతుంది. ఎన్నిసార్లు చేసినా తెగింది. దేవుడు అక్కడ ఒక గుర్తు పెట్టి మరిచిపోయినట్టు అనిపించింది ఆ రోజు.

అక్కను కోర్పనాలో ఇచ్చారు. మా బావ అక్కడి ఒక జిన్నింగు మిల్లులో కాంటా దగ్గర పని చేసేవాడు. ఒక పత్తి సీజనులో, ఊరు మారితే వీడు మారతాడేమోనని నాన్న నన్ను అక్క దగ్గరికి పంపించాడు. మిల్లు ఆవరణలోకి తొంగిచూసి నిలబడిపోయాను. రెండంతస్తుల ఇంటికన్నా ఎత్తైన పత్తి కొండ, దాని మీద చీమల్లా మనుషులు, అంత తెల్లదనం నేను పుట్టిన బొగ్గు ఊళ్లో ఎప్పుడూ చూడలేదు. సరిహద్దు పల్లెల తెలుగు రైతులు పత్తి కుక్కిన బోరాలను బండ్ల మీద తెచ్చేవారు. బావ ఒక్కొక్క బోరాను కాంటాకు ఎక్కించి తూకం అరిచేవాడు, పక్కన కూర్చున్న గుమాస్తా పద్దులో రాసుకునేవాడు.

నేను వెళ్లిన రెండో వారంలో గొడవ మొదలైంది. కొన్నప్పటి తూకానికీ, యంత్రాల గదిలోకి పంపేముందు మళ్లీ తూచిన తూకానికీ పొంతన కుదరలేదు. మొదటి రోజు నూట ఇరవై ఆరు కిలోలు తక్కువ, రెండో రోజు నూట డెబ్భై ఒకటి, మూడో రోజు రెండు వందల ఏడు. మా బావ తనవాళ్లయిన తెలుగు రైతులతో కుమ్మక్కై ఎక్కువ తూకాలు అరుస్తున్నాడని యజమాని అనుమానించి, ఇంకొక్క రోజు చూసి పనిలోంచి తీసేస్తానన్నాడు. అక్క అన్నం పెడుతూ నాతో, "తమ్మీ, మీ బావ దొంగ గాదురా," అని మాత్రం అంది. నేను ఆ మూడు సంఖ్యలనూ చూశాను. మూడూ తొమ్మిదితో తెగాయి.

మర్నాడు పొద్దున మిల్లుకు వెళ్లి గుమాస్తా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. గుమాస్తా కొత్తగా వచ్చిన మరాఠీ కుర్రవాడు, తెలుగు అంకెలు ఒకటి నుంచి పది దాకా నేర్చుకున్నాడు. బండ్లు తక్కువున్నంత సేపు బావ మరాఠీలోనే సరిగ్గా అరిచాడు. వరుస పెరిగేసరికి ఊపిరాడక, అంకెకు అంకె పలికే తెలుగు అలవాటులోకి దిగి, "నాలుగేడు!" అన్నాడు. మనకైతే అది నలభై ఏడు. కానీ మరాఠీలో నలభై ఏడును సత్తేచాళీస్ అంటారు, ఏడు ముందు, నలభై తర్వాత. పుట్టినప్పటి నుంచి అలా విన్నవాడు ముందు వినిపించిన నాలుగును ఒకట్ల చోట పెట్టి, డెబ్భై నాలుగు రాశాడు. నా కళ్ల ముందే రాశాడు.

ఎవరూ దొంగ కాదు. రెండు భాషలు ఒకే సంఖ్యను చెరో కొస నుంచీ పట్టుకున్నాయి. ఆ సంగతి ఆ ఆవరణలో నాకొక్కడికే తెలుసు, చెబితేనే బావ పని నిలబడుతుంది, నాకేమో నోరు లేదు.

మునీంజీ గదిలోకి ఎలా వెళ్లానో గుర్తు లేదు. మిల్లు లెక్కలన్నీ చూసే ముసలాయన ఆయన, మరాఠీ మనిషి. నేను బయట గుమాస్తా ముందున్న పద్దు వైపు వేలు చూపించి నిలబడ్డాను. భయమేసినప్పుడు లోపల ఒకటి రెండు అని లెక్కపెట్టుకోవడం నా అలవాటు, మొదలుపెట్టాను. యాభై దాటింది. బయట బండ్లవాళ్లు అరుస్తున్నారు, ఎవరో వచ్చి పిలిచారు, ఆయన చేత్తోనే ఆగమన్నాడు. ఒకే ఒక్కసారి, "సాంగ్ బాబా, ఘాయీ నాహీ," అన్నాడు, చెప్పు నాయనా, తొందరేం లేదని. తర్వాత కలం మూసి పక్కన పెట్టి, నా ముఖం కూడా చూడకుండా, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నూట ఎనభై ఏడు దగ్గర నా నోట్లోంచి మాట వచ్చింది.

"సత్తేచాళీస్," అన్నాను. "చౌర్యాహత్తర్ నాహీ."

నలభై ఏడు, డెబ్భై నాలుగు కాదు. అంతే. ఆయన లేచి వచ్చి, పద్దులో డెబ్భై నాలుగని రాసిన బోరాను మళ్లీ కాంటా ఎక్కించాడు. ముల్లు నలభై ఏడు దగ్గర ఆగింది. హమాలీలంతా నా వైపు చూశారు. బావ తలపాగా తీసి ముఖం తుడుచుకుని, "ఏంది బామ్మర్దీ, ఆరేండ్లకు ఒక్క మాట మాట్లాడితివి, గదీ మరాఠీల!" అన్నాడు. ఆవరణంతా నవ్వింది. ఆ నవ్వులో నేను చచ్చిపోలేదు. అది నాకు ఇప్పటికీ వింతే.

మర్నాటి నుంచి నాకు పని ఇచ్చారు. బావ అరిచిన ప్రతి తూకాన్నీ నేను రెండో భాషలో తిరిగి అరవాలి, అప్పుడే గుమాస్తా రాయాలి. మాటలైతే రాకపోయేవి, అంకెలు వచ్చాయి. అంత పెద్ద ఆవరణలో, ఆ తెల్లని కొండ కింద, నా గొంతు వెళ్లి అవతలి గోడకు తగిలి వెనక్కి రావడం విని, ఇది ఎవరిదబ్బా అనుకున్నాను. ఇరవై రెండు సీజన్లు అక్కడే చేశాను.

ఇప్పుడు కాంటా మీద ఎర్రంకెలు వాటంతటవే వెలుగుతాయి, చీటీ దానంతటదే వస్తుంది. ఎవరూ అరవరు. తప్పులూ లేవు, మంచిదే. పిల్లలు నలభై ఏడును తెలుగులోనూ అనరు, మరాఠీలోనూ అనరు. పనికి వచ్చే కుర్రవాళ్లను ఫోనే ప్రశ్నలడుగుతుంది, కాసేపు జవాబు చెప్పకపోతే అదే మూసుకుపోతుంది. నాలాంటివాడు ఇప్పుడూ ఎక్కడో ఒక గేటు దగ్గర నిలబడే ఉంటాడు. వాడి కోసం కలం మూసి కిటికీ వైపు తిరిగేవాళ్లు ఎంతమంది మిగిలారో నాకు తెలియదు.

మునీంజీ ఇప్పుడు లేడు. ఆయనకు తీర్చలేని బాకీ ఇంకొకరికి తీర్చాలని, మాట పెగలని మనిషి నా ముందు నిలబడ్డప్పుడల్లా లోపల లెక్కపెడుతూ ఆగి చూశాను. ఒకసారి ముప్పై దాకా, ఒకసారి నలభై దాకా ఆగి, ఆపైన ఉండబట్టలేక నేనే తొందరపెట్టాను. ఎంత ప్రయత్నించినా నేను ఆగగలిగింది అరవై మూడు. నూట ఎనభై ఏడులోంచి అది తీసేస్తే, ఇంకా నూట ఇరవై నాలుగు.