కుండ కింది కెమెరా

అందరి చేతుల్లోకీ డిజిటల్ కెమెరాలు వచ్చేసిన రోజుల్లో నేను మా నాయన పాత రీలు కెమెరాను ట్రంకుపెట్టెలోంచి బయటికి తీశాను. ఇంట్లో అంతా నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. కంటికి ఆనించి, దూరం సరిచూసుకుని, ఊపిరి బిగబట్టి నొక్కితే టక్కుమంటుంది చూడండి, ఆ చప్పుడుకే నాకు ప్రాణం లేచొచ్చేది. కాలేజీ వదిలాక అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు.

ఆ ఎండాకాలమే మా జేజి, అంటే నాయన తల్లి, కర్నూలు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. గుండె బాగా బలహీనపడిందన్నారు. పెళ్ళిళ్ళలో కూడా ఫోటోకు నిలబడని మనిషి. ఆమె బొమ్మ ఒక్కటీ ఇంట్లో లేదు. అలాంటిది, ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని తనే ఫోటో తీయమంది. ఒక్కటే తీయాలట, మళ్ళీ కూర్చోదట. దూరం రెండుసార్లు సరిచూసుకున్నాను. నొక్కాను.

దాంతో రీలు అయిపోయింది. స్టూడియో ఆయనేమో పెళ్ళి పని మీద కడపకు పోయాడు, మర్నాటికి గానీ రాడు. నాకు కాలు నిలవలేదు. సరిగ్గా పడిందో లేదో, ఈ ఎండకు రీలు చెడిపోతుందేమోనని ఇంట్లో అందరి దగ్గరా గొణిగాను.

పొద్దున లేచి చూస్తే కెమెరా లేదు. ఇల్లంతా వెతికితే వంటింట్లో నీళ్ళకుండ కింద, తడి ఇసుకలో దొరికింది. గబుక్కున బయటికి లాగాను.

"ఎండకు చెడిపోతాదని నువ్వే అంటివి కదప్పా. ఈడైతే చల్లగుండాది," అంది జేజి.

కెమెరా తుడుచుకుంటూ స్టూడియోకి పరుగెత్తాను. ఆయన రీలు తీసుకుని చీకటిగదిలోకి పోతే, నేను బయట బల్ల మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. దేవుడి దయ, తడి మిగతా ఫోటోలను చాలా వరకు తినేసినా జేజి ముఖం జోలికి పోలేదు. చెవి పక్కన చిన్న మరక పడింది, అంతే.

ఎగురుకుంటూ తెచ్చి చేతిలో పెట్టాను. జేజి దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"శానా బాగుండాది. పెద్దది చేయించప్పా. దండ ఏసినా మొగం కనపడాల."

ఆ ఫోటో పట్టుకుని మళ్ళీ స్టూడియో దారి పట్టాను.