గోడకు అతికించిన గాజుముక్క

కోవూరులో మా పని జరిగేచోట నిన్న కాల్చిన గుల్ల సున్నాన్ని తొట్టిలో పోసి నీళ్ళు వదిలారు. అది బుసబుసమని ఉడికి, ఘాటైన వేడి ఆవిరి ముక్కుకు తగలగానే నాకు వెంగళరెడ్డిగారు గుర్తొచ్చారు. డిప్లొమా ముగించి నెల్లూరులో సూపర్‌వైజరుగా చేరిన మొదటి ఏడు ఆయనే నా పై ఇంజనీరు. మనిషి పొట్టి, మాట తక్కువ, తొందర అసలు లేదు.

ఆ ఏడు వర్షాలకు ముందు ఆయనతో కలిసి అల్లూరు దాటి, కాలువలో పడవ మీద, ఆపైన ఇసుకలో నడిచి, సముద్రపు ఒడ్డునున్న ఒక చిన్న ఊరికి వెళ్ళాను. తాటాకు ఇళ్ళు పోగా అక్కడున్న పాత కట్టడాలు మూడే: ఉప్పు కొఠారు, కాలువగట్టు మీది సత్రం, ప్రార్థన మందిరం. మొదటి రెండింటికీ కప్పు కూలిపోయింది. గాలివాన వస్తే హిందువులూ క్రైస్తవులూ ఊరంతా తలదాచుకునేది మందిరంలోనే. అయితే దాని ఉత్తరపు గోడలో పునాది నుంచి కప్పుదాకా బీట. ప్రమాదమని తేలితే కూల్చమని రాయాలి. మేం వెళ్ళింది ఆ పని మీదే.

లోపల అడుగుపెట్టి నేను టేపు తీయడం మరిచిపోయాను. మూర దాటిన మందం గోడలు. వాటిమీద గానుగలో నూరిన సున్నపు పూత శంఖం లోపలి భాగంలా మెరుస్తోంది. చేయి దగ్గరగా పెడితే వేళ్ళు అందులో కనిపించాయి. కప్పును మోస్తున్న అంత వెడల్పు కమానులో ఎక్కడా ఇనుము ముక్క లేదు.

సంఘపెద్ద యోహాను మా వెనకే తిరుగుతూ, "కూల్చేదానికి వచ్చినారా సార్?" అని అడిగాడు.

వెంగళరెడ్డిగారు బీటలో వేలు పెట్టి చూస్తూ, "నాకు తెలీదయ్యా. గోడనే అడగాల" అన్నారు.

ఆయన అడిగిన పద్ధతి ఇది. పలుచని గాజుముక్కను బీటకు అడ్డంగా పెట్టి, రెండు కొసలూ గోడకు గట్టిగా అతికించారు. గోడ ఇంకా కదులుతుంటే గాజు పగులుతుంది. బీట పాతదై ఆగిపోయి ఉంటే నిలుస్తుంది. నేను పుస్తకంలో చదివిందే. కానీ ఒక ఊరికి నీడ ఉంటుందా పోతుందా అన్నది అంత పలుచని గాజు చేతిలో ఉండటం అక్కడే చూశాను. కప్పు కింద తాటిదుంగలు ఆనించి, వర్షాలు పోయేదాకా ఆగమన్నారు.

కార్తీకంలో గాలివాన రానే వచ్చింది. నేను వేరే ఊళ్ళో పని మీద ఉన్నాను. మాఘంలో ఆయనతో మళ్ళీ వెళ్ళినప్పుడు యోహాను నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. గాలి లేచిన రోజు పొద్దున్నే వెంగళరెడ్డిగారు ఒక్కరే వచ్చారట. జనాన్నంతా దక్షిణపు గోడ పక్కన కూర్చోబెట్టి, తాను గాజుముక్క కిందే పీట వేసుకున్నారట. ఇటు రమ్మని బతిమాలితే, "మిమ్మల్ని లోపల ఉంచింది నేను. నేను యాడికి పోయేది?" అన్నారట. ఆ సంగతి ఆయన నాకు ఏనాడూ చెప్పలేదు.

గాజు చెక్కుచెదరలేదు. యోహానుకు మాత్రం ఇంకా బెరుకు పోలేదు. "మేమూ జాగర్తగానే ఉండినాం సార్. ఇన్ని నెలలూ పాటలు గొంతు దించుకొనే పాడినాం, అద్దం పగిలిపోతాదని."

వెంగళరెడ్డిగారు నవ్వు ఆపుకోలేకపోయారు. మందిరానికి ఏ ఢోకా లేదని చెప్పి, "ఇంక గట్టిగా పాడండయ్యా, నేనూ వింటా" అన్నారు.

పాడారు. నెలల తరబడి అణచుకున్న గొంతులన్నీ లేచి కమాను కింద తిరిగాయి. ఆయన సైగ చేస్తే గోడకు అరచేయి ఆనించాను. గోడ సన్నగా మోగుతోంది.

ఇప్పుడు ఏ పాత కట్టడం గురించి రాయాల్సి వచ్చినా, టేపు తీయకముందు గోడకు అరచేయి ఆనించి కాసేపు నిలబడతాను. కూలీలు నవ్వుకుంటారు. నవ్వనిస్తాను.