క్యూలో ఉన్న రాజీనామా

ప్రింటర్ నిద్ర లేచేటప్పుడు ముందు చిన్న గురక పెడుతుంది. తర్వాత గొంతు సవరించుకుంటుంది. ఆ తర్వాత లోపలెవరో బీరువా జరుపుతున్నట్టు కిర్రుమంటుంది. వెనకాలే వేడెక్కిన కాగితం వాసన వస్తుంది, ఇస్త్రీ బట్టల వాసనకు దగ్గరి చుట్టం. ఈ పొద్దున ఆదోనిలో మా ఇంట్లో ఆ పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలగగానే నా అరచేతులకు చెమట పట్టింది. పామును చూసి భయపడేవాళ్ళున్నారు, పరీక్షను చూసి భయపడేవాళ్ళున్నారు. ముప్పై ఏళ్ళన్నా నిండకుండా ప్రింటర్‌ను చూసి భయపడే మగవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అయివుంటాను. ఇందులో పెట్టె తప్పేమీ లేదు. ఇది ఒకప్పుడు సుశీలాబాయి టీచర్ ముందుగదిలో ఉండేది. పోయిన ఏడాది ఆమె కాలం చేశాక, ఆమె చెల్లెలు దీన్ని నాకిచ్చింది. పెట్టెతో పాటు భయాన్ని కూడా ఇచ్చింది.

సుశీలాబాయి టీచర్ పుట్టింటివాళ్ళది మంత్రాలయం, తరతరాలుగా మఠం సేవలో ఉన్నవాళ్ళు. ఆమె మాత్రం ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆదోనిలో ఆమె ఇంటి వెనక వాటాలో నేనూ మా అమ్మా అద్దెకుండేవాళ్ళం. రిటైరయ్యాక అందరూ తీర్థయాత్రలకు పోతే, ఆమె కంప్యూటర్ కొన్నారు. ముందుగదిలో దాన్ని పెట్టుకొని ప్రైవేటు బడులకు ప్రశ్నపత్రాలు తయారుచేసి, టైపు చేసి, ప్రింటు తీసి ఇచ్చేవారు. ఆమె మాట మా సీమ తెలుగే, కానీ పని పూర్తయిన ప్రతిసారీ పుట్టింటి కన్నడం బయటికొచ్చేది. ఆఖరి కాగితం పడగానే "ఆయ్తు" అనేవారు, అయిపోయిందని. ఆ మాట పడేదాకా గదిలో ఎవరూ గట్టిగా దగ్గేవాళ్ళు కాదు.

ఆమెకు మూడు నియమాలుండేవి. ప్రింటు ఒక్కసారే నొక్కాలి. ప్రింటర్ స్విచ్ వేసేముందు, కంప్యూటర్‌లో ప్రింటుకు ఏమేం కాచుకొని ఉన్నాయో ఆ పట్టీ తెరిచి చూసుకోవాలి. మూడోది, ఎవరి కాగితం పడుతుందో వాళ్ళు ఎదురుగా కూర్చోవాలి. "కాగితం బయటికొచ్చే టైముకి దాని మనిషి ఈడ ఉండాల" అనేవారు. ఉన్నా సరే, బోర్లా పడిన కాగితాన్ని ముందు ఆమె అరచేత్తో మూసి, తీసి, తాను చదివాకే ఇచ్చేవారు. పుట్టిన బిడ్డను తండ్రికి చూపించే నర్సులాగా.

డిగ్రీ అయ్యాక నేను మూడేళ్ళు ఇంట్లో ఉన్నాను. ఆ కాలంలో ఒకరోజు నా బయోడేటా ప్రింటు తీసుకుందామని ఆమె గదిలో కూర్చున్నాను. నొక్కాను, ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. లిఫ్టు కోసం నిలబడ్డవాడిలాగా నొక్కుతూనే ఉన్నాను. అప్పుడు పెట్టె గురక పెట్టి, గొంతు సవరించుకొని, వరసగా పదకొండు కాపీలు కక్కింది.

"ఏమప్పా, యాడన్నా పదకొండు ఉద్యోగాలు ఖాళీ ఉన్నాయా?" అన్నారు టీచర్.

"లేవు టీచర్. ఒకసారి నొక్కితే ఏం కాలేదు."

"అది ఇనింది. ఆలోచన చేస్తాండాది. నీకే నిదానం లేదు."

మిగిలిన పది కాపీల వెనకవైపు ఆమె ప్రశ్నపత్రాల చిత్తుప్రతులు రాసుకున్నారు. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడి నడిపే కరస్పాండెంట్ ఆ చిత్తుప్రతులు చూడటానికి వచ్చేవాడు. ఆయనది ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే కుటుంబం. దేన్నైనా చిటికెతో పట్టి లాగి చూడటం ఆయనకు అలవాటు, పత్తి పింజ పొడవు చూసినట్టు. కాగితాన్నీ అలాగే రుద్ది, తిరగేసి, వెనకవైపు నా ఫోటో చూసి "వీడెవడు?" అన్నాడట. "మా వెనకింటి పిల్లోడు. మంచోడే, నోరు కొంచెం ముందు పోతాది. నేను జవాబుదారీ" అన్నారట టీచర్. వారం తిరక్కుండా నేను సోషల్ టీచరయ్యాను. మా వంశంలో ప్రింటింగ్ తప్పు వల్ల ఉద్యోగం వచ్చినవాణ్ణి నేనే.

ఉద్యోగం వచ్చిన ఏడాదికి దాన్ని వెక్కిరించే తీరిక కూడా వచ్చింది. ఒక ఆదివారం సాయంత్రం టీచర్ లోపల దీపం పెట్టుకుంటుంటే, స్టాఫ్‌రూంలో చదివి నవ్వించడానికని ముందుగదిలో ఒక రాజీనామా లేఖ టైపు చేశాను. ఇచ్చే ఉద్దేశం లేదు. "అయ్యా, మీరు నన్ను సోషల్ టీచరుగా తీసుకొని తెలుగు, డ్రిల్లు, వార్షికోత్సవంలో మైకు కూడా అప్పగించారు. మైకు తప్ప మిగతావన్నీ తిరిగి ఇస్తున్నాను" అని మొదలుపెట్టాను. "మీరు మనుషుల్ని కూడా పత్తిలాగే చిటికెతో లాగి చూస్తారు. నేను చాలా పొట్టి పింజ. తెగిపోయాను" అని ముగించాను. కింద నా పేరు. ప్రింటు నొక్కితే కాగితం రాలేదు. ఇంకో రెండుసార్లు నొక్కాను. అప్పుడు చూస్తే ప్రింటర్ స్విచ్చే వేసిలేదు. ఇంతలో టీచర్ గంట ఆపారు. గభాలున ఆ ఫైలును తుడిచేసి, కంప్యూటర్ ఆపేసి బయటికొచ్చాను. చాలా జాగ్రత్తపరుణ్ణని నా భుజం నేనే తట్టుకున్నాను.

మర్నాడు ఎమ్మిగనూరులో బడి ఆఫీసులోకి హాజరు పట్టీ కోసం వెళ్ళాను. అక్కడి ప్రింటర్ దానంతట అదే ఒక కాగితం బయటపెట్టింది. క్లర్కు దాన్ని చూసి నవ్వాడు. "శనివారం ఇచ్చినా సార్. కరెంటు పోయింది. ఇప్పుడు పడింది."

"ఫైలు తీసేసి ఉంటే పడదు కదా?"

"ఎందుకు పడదు? ఫైలు తీసేసినా ప్రింటుకిచ్చింది లోపలే కూసోనుంటాది. కంప్యూటర్ ఆపినా పోదు. స్విచ్ ఎయ్యంగానే ముందు అదే వస్తాది."

ముందురోజు మూడుసార్లు నొక్కింది గుర్తొచ్చింది. "కరస్పాండెంట్ సారు రాలేదా ఇంకా?" అన్నాను.

"యాడొస్తాడు. ఆదోనిలో మీ టీచరమ్మ కాడ పరీక్ష పేపర్లు ప్రింటు తీపిస్తాండాడు. దగ్గర కూసొని తీపిస్తాడు కదా."

టీచర్‌కు ఫోను చేశాను. ప్రింటు తీసే రోజు ఆమె ఫోను ఆపేస్తారని తెలిసీ నాలుగుసార్లు చేశాను, అక్కడ కూడా నిదానం లేదు. అమ్మకు చేశాను.

"సారు వచ్చినాడా అమ్మా?"

"వచ్చినాడు. కరెంటు లేదు. ఇద్దరూ ముందుగదిలో కాఫీ పెట్టుకొని కూసున్నారు."

ప్రాణం లేచి వచ్చింది. "టీచర్ని ఒక్కసారి ఫోను దగ్గరికి పిలువు."

"తలుపేసినారు గదా. ఏం సెప్పాలో సెప్పు, కిటికీ కాడ నిలబడి అరుస్తా."

మా అమ్మ కిటికీ దగ్గర అరిస్తే ఆలూరు ఆటోలవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూస్తారు. వద్దన్నాను. తలనొప్పి అని చెప్పి బడి వదిలి ఆదోని బస్సెక్కాను.

కరెంటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటమే నాకు తెలుసు. రాకూడదని దండం పెట్టుకున్నది ఆ ఒక్క గంటే. మధ్యలో గొర్రెల మంద అడ్డమొచ్చింది. గొర్రెలకు ఏ లేఖా క్యూలో లేనట్టుంది, చాలా తీరుబడిగా దాటాయి. "ఏం సామీ, కాన్పు కేసా?" అన్నాడు కండక్టర్ నా ముఖం చూసి. కాదన్నాను. కాన్పైతే ఒక్కటే వస్తుంది, నావి మూడు. నవ్వు నాకే రాలేదు. మూడేళ్ళ తర్వాత వచ్చిన ఉద్యోగం పోతుందన్నది ఒక భయం. కానీ కళ్ళ ముందు పదే పదే కనిపించింది అది కాదు. "నేను జవాబుదారీ" అన్న మనిషి, ఆ మాట ఎవరికి చెప్పిందో ఆ మనిషి పక్కనే కూర్చొని, నా వెక్కిరింతను తన చేత్తోనే బయటికి తీయబోతోంది. ఆ బడి పేపర్లు పోతే ఆమెకు ఇంకొక బడి మాత్రమే మిగిలేది.

ఆదోని బస్టాండులో దిగగానే టీ అంగడి కప్పు వైపు చూశాను. ఫ్యాను తిరుగుతోంది.

ఇంటికి పరిగెత్తి చేరేసరికి ముందుగది తలుపు మూసే ఉంది. లోపల పెట్టె నడుస్తోంది, కాగితం మీద కాగితం పడుతున్న చప్పుడు. కొట్టడానికి చెయ్యెత్తి దించేశాను. లోపలికి పోయి ఏమని చెప్పాలి? అరుగు మీద కూర్చొని చప్పుళ్ళు వింటూ ఉన్నాను. చాలాసేపటికి "ఆయ్తు" వినిపించింది. తలుపు తీసుకొని కట్టలతో కరస్పాండెంట్ బయటికొచ్చాడు. నన్ను కాళ్ళనుంచి తలదాకా చూశాడు.

"ఏమప్పా, ఈడున్నావు?"

"తలనొప్పి సార్."

"పొట్టి పింజ కదా, అట్లనే ఉంటాది" అన్నాడు. ముఖంలో ఏమీ లేదు. కారెక్కి వెళ్ళిపోయాడు.

లోపల టీచర్ కుర్చీలో కూర్చొని ఉన్నారు. ఆమె ముందు కాఫీ గ్లాసు నిండుగా, మీగడ కట్టి ఉంది. ఆమె కాఫీ చల్లారనివ్వడం నేను అంతకు ముందు చూడలేదు. గ్లాసు పక్కన మూడు కాగితాలు బోర్లా ఉన్నాయి.

"నాది తప్పు" అన్నారు. "కరెంటొచ్చిన తొందరలో పట్టీ చూడకుండానే స్విచ్ వేసినాను. ముప్పై ఏండ్లు పిల్లోళ్ళకు నిదానం చెప్పి."

"సారు చదివినాడా టీచర్?"

"నేను చెయ్యి పెట్టేలోగా చిటికెతో లాక్కున్నాడు. మొత్తం చదివినాడు. ఇదేంది టీచరమ్మా అనినాడు. తొమ్మిదో తరగతి తెలుగు, పదో ప్రశ్న, లేఖ రాయడం, నమూనా అన్నాను."

"పదో ప్రశ్న మంత్రాలయం రథోత్సవం కదా?"

ఆ పేపర్ నాకు తెలియకూడదని అప్పుడు గుర్తొచ్చింది. ఆమె పట్టించుకోలేదు. "ఆయన ముందరే మార్చినాను. మీరు చేస్తున్న పనికి రాజీనామా చేస్తూ, కారణం తెలుపుతూ లేఖ రాయండి. అది టైపు చేసినాకనే పేపర్ తీసినాను. నేను అబద్ధం ఆడలేదప్పా. కొంచెం ముందుగా చెప్పినాను, అంతే."

అంటూ గ్లాసు ఎత్తారు. తాగకుండానే గ్లాసు మళ్ళీ కింద పెట్టేశారు. నేను ఏదో చమత్కారం అనబోయి, నోరు తెరిచి, మూశాను. జీవితంలో అది మొదటిసారి.

ఆమె ఎర్ర పెన్ను తీసి మూడింటిలో ఒక కాగితాన్ని దిద్దడం మొదలుపెట్టారు. నిజంగానే దిద్దారు. చివర పదికి ఆరు వేసి, కింద ఇలా రాశారు: "శైలి బాగుంది. కారణం లేదు. మళ్ళీ రాయి."

పరీక్షయ్యాక తెలుగు పేపర్లు దిద్దింది నేనే కాబట్టి, తొమ్మిదో తరగతి రాజీనామాలన్నీ నా దగ్గరికే వచ్చాయి. ఒకడు కొడుకు పదవికి రాజీనామా ఇచ్చాడు. ఒకడు గోల్ కీపర్ పదవికి. క్లాస్ లీడర్ అమ్మాయి నాలుగే వాక్యాలు రాసింది. "నేను లీడరుగా మానుకుంటున్నాను. కారణం, మా అమ్మానాయనతో పత్తి తీయను పోతాండాను. నెల దినాలు రాను. బోర్డు తుడిచే గుడ్డ కిటికీలో పెట్టినాను." మర్నాడు చూస్తే గుడ్డ కిటికీలోనే ఉంది, ఉతికి, మడిచి. అమ్మాయి లేదు.

ఆ జవాబు కాగితం తీసుకెళ్ళి టీచర్‌కు చూపించాను. రెండుసార్లు చదివారు. "చూసినావా, కారణం అంటే అది" అన్నారు. "ఎన్ని వేసినావు?"

"పదికి పది."

"లేఖలో తేదీ లేదు. తొమ్మిదిన్నర."

అమ్మాయి నెలకు కాదు, రెండు నెలలకు వచ్చింది. గుడ్డ తీసుకొని బోర్డు తుడిచి మళ్ళీ లీడరైపోయింది. కరస్పాండెంట్ తర్వాత ఎన్నడూ ఆ లేఖ ఎత్తలేదు. ఎప్పుడైనా నా భుజం మీద చెయ్యి వేస్తే, చిటికె పడుతుందేమోనని ఇప్పటికీ బిగుసుకుపోతాను. ఆ లేఖ ఎవరిదో తెలిసే ఊరుకున్నాడని టీచర్ అనేవారు. కింద నా పేరుంది కాబట్టి నేనూ అదే అనుకుంటాను.

ఆ ఎర్ర సిరా కాగితం నా దగ్గరే ఉంది. ఉద్యోగం మీద విసుగు పుట్టిన ప్రతిసారీ తీసి చూసేవాణ్ణి. "కారణం లేదు" అని ఉండేది, నిజంగానే ఉండేది కాదు. మర్నాడు బస్సెక్కేవాణ్ణి.

ఈ పొద్దున మళ్ళీ రాశాను. వలస పోయేవాళ్ళ పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవడానికి కౌతాళంలో ఒక హాస్టల్ నడుస్తోంది. అక్కడ పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. పోతున్నాను. ఇదేదో త్యాగమని ఎవరూ పొరబడకూడదు, మైకు అక్కడా నాకే ఇస్తామన్నారు. లేఖ నాలుగే వాక్యాలు. తేదీ వేశాను. చమత్కారం ఒకటి దూరబోయింది, తీసేశాను.

పట్టీ తెరిచి చూశాను. ఏదీ కాచుకొని లేదు. స్విచ్ వేశాను. ఒక్కసారే నొక్కి, మౌసు మీదినుంచి చెయ్యి తీసేసి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకొని కూర్చున్నాను. గురక పెట్టింది. ఎంతకీ గొంతు సవరించుకోలేదు. వింటోంది, ఆలోచన చేస్తోంది అని చెప్పుకున్నాను. చివరికి కాగితం వెచ్చగా, బోర్లా పడింది. దాని మనిషి ఈడనే ఉన్నాడు. అరచెయ్యి దాని మీద పెట్టి కాసేపు ఉంచి, తిప్పి, మొదటినుంచి చదివాను. కారణం ఉంది.

ఆయ్తు.